పొగగొట్టము లేని పేటకు పొగ లెక్క

గడచిన వేసవిలో నల్లగొండ జిల్లా దామరచర్ల ప్రాంతమునుండి కొందరు పంచాయతీ వార్డు సభ్యులు హైదరాబాదునకు వచ్చియుండిరి. వారిలో ఒకరి బంధువు పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో చికిత్స పొందుచుండెను. రోగిని చూచి వచ్చిన పిదప, మెట్రో రైలు ఎక్కవలెనని వారు కోరగా, మేము వారిని వెంటబెట్టుకొని పంజాగుట్టలో బండి యెక్కి తరువాతి స్టేషనగు అమీరుపేటలో దిగితిమి. మియాపూరునుండి ఎల్.బి. నగరునకు పోవు మార్గమును, నాగోలునుండి రాయదుర్గమునకు పోవు మార్గమును ఒకదానిపై నొకటిగా దాటునది ఇచ్చటనే. ఆ యెత్తునుండి చూడగా మేడలపై నీటి తొట్లు, గోడలకు వ్రేలాడు శీతల యంత్రముల పెట్టెలు, కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులు, వానికంటె ఎక్కువగా వసతి గృహముల బోర్డులు కనబడుచున్నవి. ఈ వసతి గృహములలో నుండువారు చాలవరకు పల్లెల బిడ్డలే. మా వెంట వచ్చినవారిలో ఒకరి కుమార్తె కూడ ఇచ్చటనే శిక్షణ పొందుచున్నది.

నగరములను "కర్బన తటస్థము" చేయవలెనని పత్రికలలో వచ్చుచున్న వార్తలను గూర్చి మాటలు సాగినవి. ఒక సభ్యుడు చుట్టును పరికించి, "ఇంత కరెంటు కాలుచున్నది; ఒక్క పొగగొట్టమైనను కానరాదేమి?" అని అడిగెను. మేము సమాధానము చెప్పుటకు ముందే ఆయన ప్రక్కనున్న మహిళా సభ్యురాలు నవ్వి, "పొగగొట్టం మా ఊరి దిక్కున్నది గద, సారూ!" అనెను.

ఆమె చెప్పినది దామరచర్ల మండలము వీర్లపాలెమునందు 4,000 మెగావాట్ల సామర్థ్యముతో తలపెట్టబడిన యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రమును గూర్చి. ఒక్క వాక్యములో ఆమె ఈ విషయము యొక్క మూలమును చెప్పినది. నగరపు పొగ నగరములో లేచుట లేదు. కనుక నగరము తన పొగను తగ్గించుకొన దలచినపుడు ఆ ప్రయత్నము నగరపు సరిహద్దులలో ముగియదు, పల్లెలకు వచ్చును. భూమి కొరకు వచ్చును, చెట్ల కొరకు వచ్చును, చెత్త వేయుటకు చోటు కొరకును వచ్చును. అపుడు గ్రామసభలో కూర్చుండి అవుననియో కాదనియో చెప్పవలసినవారు మీరే. ఈ సంగతిని కొంచెము విస్తరించి వ్రాయుటకు కారణమిదియే.

బొగ్గు, పెట్రోలు, డీజెలు, వంటగ్యాసు వీనిలో దేనిని కాల్చినను బొగ్గుపులుసు వాయువు పుట్టును. పెద్దలు పాఠశాలలో చదువుకొన్న పేరిది. నేటి పత్రికలు కార్బను డయాక్సైడు అని వ్రాయుచున్నవి. గొంగళి కప్పుకొన్నవాని ఒంటివేడి బయటికి పోనట్లే, ఆకాశమున ఈ వాయువు పేరుకొన్న కొలది భూమి వేడి బయటికి పోజాలదు. వేసవులు ముదురుట, వానలు ఒక్కుమ్మడిగా కురియుట, నడుమ దీర్ఘకాలము ఎండగట్టుట దీని ఫలములే. ఒక ఊరు ఏడాదిలో గాలిలోనికి వదలు వాయువును వీలైనంతవరకు తగ్గించి, ఎంత ప్రయత్నించినను మిగిలిపోవు దానికి సమానమగు పరిమాణమును చెట్ల ద్వారానో మరియొక మార్గముననో గాలినుండి వెనుకకు తీసికొన్నచో, ఆ ఊరు కర్బన తటస్థమైనదందురు. పంచాయతీ జమాఖర్చులో రెండు ప్రక్కలు సరితూగుట వంటిదే. అయితే మొదట ఖర్చు తగ్గించుకొనవలెను. అప్పుచేసి జమ చూపుట కాదు.

2021 నవంబరులో గ్లాస్గో సభయందు మన దేశము 2070 నాటికి ఈ స్థితికి చేరెదమని ప్రకటించినది. బొంబాయి నగరము 2022 మార్చిలో తన ప్రణాళికను ప్రకటించి 2050ని గడువుగా పెట్టుకొన్నది. చెన్నపట్టణము 2023లో అదే గడువును స్వీకరించినది. మన రాజధాని విషయమై ఆలోచించునపుడు ఏ పని ముందు, ఏది వెనుక అనునది తేల్చుకొనుటకు అమీరుపేట, పంజాగుట్టలను ఉదాహరణగా తీసికొందుము. వ్యాపారము, ఆసుపత్రి, చదువు, నివాసము, రాకపోకలు అన్నియు ఈ కొద్ది దూరములోనే ఇమిడియున్నవి.

మూడు పద్దులు

మొదటి పని లెక్క. ఏదో ఒక సంవత్సరమును ప్రాతిపదికగా గ్రహించి, ఆ యేట నగరము వదలిన వాయువును మూడు పద్దులుగా వ్రాయుదురు. నగరములోనే కాలినది మొదటి పద్దు: స్కూటరులోని పెట్రోలు, హోటలులోని గ్యాసు, జనరేటరులోని డీజెలు. నగరము వాడుకొనగా వేరొకచోట కాలినది రెండవ పద్దు: ఇది ముఖ్యముగా విద్యుత్తు. నగరము కొరకు వెలుపల జరుగు తక్కిన పనులన్నియు మూడవ పద్దు: నగరము పారవేసిన చెత్త వెలుపల కుళ్ళుట, మేడలకు వలసిన సిమెంటు, ఇనుము తయారగుట వంటివి.

మొదటి పద్దును మాత్రమే చూపి మా నగరము శుభ్రమైనదని చెప్పుకొనుట మిక్కిలి సులభము. దీనికి హైదరాబాదు చరిత్రయే సాక్ష్యము. 1920లో హుస్సేనుసాగరు ఒడ్డున బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రము నెలకొల్పబడినది. దాని పొగ నగరవాసుల కండ్లకు కనబడుచుండెడిది. ఆ శతాబ్ది ముగియకముందే దానిని కూల్చివేసిరి. సాగరపు ఒడ్డు శుభ్రపడినది, ఉద్యానములు వచ్చినవి. విద్యుత్తు వాడకము మాత్రము తగ్గలేదు, అనేక రెట్లు పెరిగినది. బొగ్గు రామగుండమున, పాల్వంచయందు, భూపాలపల్లి దగ్గర, జైపూరునందు కాలుచున్నది. దామరచర్ల ఆ వరుసలో క్రొత్తది. బూడిద ఎవరి పొలములపై పడుచున్నదో ఆ పల్లెలవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక రెండవ పద్దునే ముందుగా చూడవలెను. బొంబాయి లెక్కలోను వాయువులో పదింట సుమారు ఏడు పాళ్ళు విద్యుత్తు, ఇంధనముల వాడకమునుండియే వచ్చుచున్నట్లు తేలినది. మన దేశమున ఒక యూనిట్టు విద్యుత్తు వెనుక సగటున 0.7 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు కలదు. ఈ ఒక్క అంకెను జ్ఞాపకముంచుకొన్నచో చాలవరకు లెక్కలు మీరే వేసికొనవచ్చును.

అమీరుపేటలో ఇరువది వాటాలుగల ఒక అపార్టుమెంటు ఉన్నదనుకొందము. వాటా ఒక్కింటికి రోజునకు 8 యూనిట్లు అనుకొన్నచో, మొత్తము 160 యూనిట్లు. మేడ పైకప్పు 3,000 చదరపు అడుగులు. అందు సగము నీటి తొట్లకు, మెట్ల గదికి, లిఫ్టు యంత్రమునకు పోవును. మిగిలిన 1,500 అడుగులలో సూర్యశక్తి పలకలు పరచినచో, ఒక కిలోవాటునకు 100 అడుగుల వంతున 15 కిలోవాట్లు పట్టును. కిలోవాటు ఒకటి రోజునకు సుమారు నాలుగు యూనిట్లిచ్చును. అనగా 60 యూనిట్లు. ప్రక్కనున్న మేడ నీడ పడకున్ననే ఈ లెక్క. వంద యూనిట్లు ఇంకను లోటు.

ఈ లోటును పూరించుటకు రెండు దారులు కలవు. వాడకము తగ్గించుట ఒకటి, ఎండ వెలుగునుండి తీసిన విద్యుత్తును వెలుపలినుండి తెచ్చుకొనుట రెండవది. మొదటిదే చవుక. ఎండకాలములో అమీరుపేట మేడల మీది గదులు కొలిమివలె కాగుచున్నవి. అందుచేతనే శీతల యంత్రములు రాత్రియంతయు నడచుచున్నవి. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. పైకప్పునకు తెల్లని పూతగాని పలకలుగాని వేసి ఎండను తిప్పిపంపుట దాని సారము. పల్లెలో మిద్దెకు సున్నము కొట్టిన అవ్వలకు ఇది క్రొత్త సంగతి కాదు. నగరమునకు విధానముగా చెప్పవలసివచ్చినది. శీతల యంత్రములలోని వాయువు కూడ తక్కువ హానికరము కాదు. ఇళ్లలో విరివిగా వాడబడిన ఒక రకము వాయువు కిలో ఒకటి బయటికి కారినచో, రెండు వేల కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము. మరమ్మతు చేయువాడు గొట్టము విప్పి ఆ వాయువును గాలిలోనికి వదలుచున్నంతకాలము కరెంటు బిల్లు తగ్గినదని సంతోషించుటలో అర్థము లేదు.

తగ్గింపరానివియు కొన్ని కలవు. నిజాం సంస్థలోని శస్త్రచికిత్స గదులు, ప్రాణవాయువు యంత్రములు, రక్తమును నిలువచేయు శీతల పెట్టెలు ఒక్క నిమిషమైనను ఆగరాదు. జనరేటరు అచ్చట అవసరమే. మంచి ప్రణాళిక ఇట్టి వానిని ముందే వేరుచేసి "వీనిని ముట్టుకొనము" అని వ్రాసికొనును. అన్నింటిని ఒకే కత్తితో కోయు ప్రణాళిక కాగితముమీదనే మిగిలిపోవును.

ఇక వెలుపలినుండి తెచ్చుకొను విద్యుత్తు. ఒక మెగావాటు సూర్యశక్తి కేంద్రమునకు నాలుగైదు ఎకరముల భూమి కావలెను. అది ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లిచ్చును. మనము పైన చెప్పుకొన్న వాటాల లెక్కలో అది అయిదువందల కుటుంబములకు సరిపోవును. భూమిని మింగక చేయు మార్గములును ఉన్నవి: రామగుండమునందు జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ తన జలాశయముపై తేలియాడు పలకలతో 100 మెగావాట్ల కేంద్రమును 2022లో పూర్తిచేసినది. రాత్రివేళ ఎండ ఉండదు గదా యని మీరు ప్రశ్నింపవచ్చును. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములో 150 మెగావాట్ల యంత్రములు ఆరు కలవు. అవి క్రిందికి వదలిన నీటిని తిరిగి పైకి ఎత్తగల యంత్రములు. పగటి విద్యుత్తుతో నీటిని ఎత్తి, రాత్రి వదలి విద్యుత్తు తీయుట వానివలన సాధ్యము. ఇట్టివి పెరుగవలెను.

కుళాయిలోని కరెంటు

నీటి సంగతి చాలమందికి తట్టదు. మూసీ వరదల పిమ్మట 1920లో కట్టబడిన ఉస్మానుసాగరునుండి నీరు నగరమునకు వాలునబడి తనంతట తానే వచ్చుచుండెడిది. దానికి యంత్రమక్కరలేదు. నగరము పెరిగినకొలది దూరపు నీరు కావలసివచ్చినది. కృష్ణా నీరు 2004 మొదలు మూడు దశలలో, నూరు కిలోమీటర్లకు పైగా దూరమునుండి వచ్చినది. గోదావరి నీరు ఎల్లంపల్లినుండి సుమారు 186 కిలోమీటర్లు ప్రయాణించి 2015లో చేరినది. నాగార్జునసాగరు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 590 అడుగులు. హైదరాబాదు 1,700 అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నది. అనగా ప్రతి బిందెను వేయి అడుగులకు మించి ఎత్తవలెను. బోరు మోటారు నడుపు రైతునకు దీని అర్థము సులభముగనే తెలియును. వేయి లీటర్లకు యూనిట్టుకు పైగా విద్యుత్తు ఖర్చగును. పంజాగుట్టలో గొట్టము పగిలి వేయి లీటర్లు రోడ్డుపాలైనచో పోయినది నీరు మాత్రమే కాదు. ఆ నీటిని ఎత్తుటకు ఎక్కడనో కాలిన బొగ్గు కూడ పోయినది. కావున గొట్టముల మరమ్మతు, వాననీటి నిలువ, మురుగునీటిని శుద్ధిచేసి తోటలకు వాడుట, ఇవన్నియు పొగ తగ్గించు పనులే. నగరపు ఇంజనీర్లు వీనిని ఆ పద్దులో వ్రాయుట అలవరచుకొనవలెనని మా అభిప్రాయము.

రాకపోకలలో ఈ ప్రాంతము కొంత ముందంజ వేసినది. 2017 నవంబరులో మియాపూరునుండి అమీరుపేట మీదుగా నాగోలునకు మెట్రో ప్రారంభమైనది. 2018 సెప్టెంబరులో అమీరుపేటనుండి ఎల్.బి. నగరునకు, 2019లో హైటెక్ సిటీకి, పిదప రాయదుర్గమునకు పొడిగింపబడినది. ఈ బండ్లు ఆగునపుడు చక్రముల వేగమునుండియే కొంత విద్యుత్తును తిరిగి తీగలోనికి పంపును. మరి మెట్రో క్రిందనే రోడ్డు వాహనములతో క్రిక్కిరిసియున్నదేమని మా వెంటనున్నవారు అడిగిరి. ప్రశ్న సమంజసమైనదే.

లెక్క చూడుడు. పెట్రోలు స్కూటరు లీటరునకు 45 కిలోమీటర్లు నడచిననుకొన్నచో, కిలోమీటరునకు సుమారు 50 గ్రాముల వాయువు వదలును. విద్యుత్తు స్కూటరు బొగ్గు కరెంటుతోనే నడచినను అందు సగముకంటె తక్కువ. యాబదిమంది ఎక్కిన డీజెలు బస్సునందు మనిషి ఒక్కనికి పన్నెండు గ్రాములు మాత్రమే పడును. అనగా నిండుగా నడచు పాత డీజెలు బస్సు, ఒంటరిగా పోవు క్రొత్త విద్యుత్తు స్కూటరుకంటె మేలు. కావున ప్రణాళికలో మొదటి స్థానము బస్సునకు, నడకకు ఈయవలెను. ఆర్టీసీ 2019 మార్చిలో విమానాశ్రయ మార్గములందు 40 విద్యుత్తు బస్సులను ప్రవేశపెట్టినది. 2023 డిసెంబరునుండి మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. 2024 నవంబరులో ప్రభుత్వము విద్యుత్తు వాహనములకు రోడ్డు పన్ను మినహాయించినది. ఇవి మంచి చర్యలు. కాని పంజాగుట్టనుండి అమీరుపేటకు సుమారు కిలోమీటరు దూరము. ఎండలో, దుకాణపు మెట్లను, నిలిపిన బండ్లను తప్పించుకొనుచు ఆ కిలోమీటరు నడచుటకంటె స్కూటరు తీయుటయే మేలని మనిషి తలచును. నీడగల కాలిబాట వేయుట చిన్నపనివలె కనబడును. మాకు మాత్రము అదియే ముందు చేయదగిన పనిగా తోచుచున్నది.

జవహరునగరు గుట్ట

మూడవ పద్దు చెత్త. ఇది పంచాయతీవారు శ్రద్ధతో చదువవలసిన భాగము.

నగరపు చెత్త సంవత్సరములతరబడి జవహరునగరునకు పోయినది. అది నాడు గ్రామ పంచాయతీ. 2019లోనే అచ్చట నగరపాలక సంస్థ ఏర్పడినది. అన్నము మెతుకులు, కూరగాయల తొక్కలు గాలి తగులక గుట్టలో కుళ్ళినపుడు మీథేను వాయువు పుట్టును. నూరేండ్ల లెక్కలో చూచినచో ఇది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 27 రెట్లు ఎక్కువ వేడిని పట్టియుంచును. గుట్టనుండి ఊరిన నల్లని నీరు బావులను, చెరువులను పాడుచేయును. అమీరుపేటలోని భోజనశాలలో మిగిలిన అన్నము చేసిన హాని అమీరుపేటకు తెలియదు; గుట్ట ప్రక్కనున్నవారికి తెలిసినది. తరువాతి కాలములో ఆ గుట్టను కప్పిరి. 2020లో అచ్చట చెత్తను కాల్చి 19.8 మెగావాట్ల విద్యుత్తు తీయు కేంద్రమును ప్రారంభించిరి. గుట్ట పెరుగుటకంటె ఇది మేలేయైనను, చెత్తలోని ప్లాస్టికు కాలినపుడు మరల బొగ్గుపులుసు వాయువే వచ్చునని మరువరాదు.

ఇంతకంటె సరళమైన దారి బోయినపల్లి కూరగాయల మార్కెటులో కనబడుచున్నది. అమ్ముడుపోక మిగిలిన, కుళ్ళిన కూరగాయలు అచ్చట రోజునకు పది టన్నులవరకు పోగుపడుచుండెడివి. వానిని ముక్కలుచేసి తొట్టెలలో మురగబెట్టి వాయువు తీసి, రోజునకు 500 యూనిట్లవరకు విద్యుత్తును, 30 కిలోల వంట ఇంధనమును తయారుచేయు ఏర్పాటు చేసిరి. 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున దీనిని ప్రశంసించిరి. మిగిలిన మడ్డి ఎరువగును. మీ పొలములనుండి పోయిన టమాటా, వంకాయలే అచ్చట దీపములు వెలిగించుచున్నవి. మీ ఊరి గోబరు గ్యాసు తొట్టికిని దీనికిని సూత్రములో భేదము లేదు.

అమీరుపేటలోని వందలాది వసతి గృహములు, భోజనశాలలు తడిచెత్తను వేరుచేసి ఇచ్చినచో ఇట్టి తొట్టెలను పేటలోనే నడుపవచ్చును. వేరుచేయనిచో ఏ యంత్రమును పనిచేయదు. గాజుపెంకులు, ప్లాస్టికు ముక్కలు కలసిన ఎరువును పొలములో చల్లుటకు ఏ రైతును ఒప్పుకొనడు, ఒప్పుకొనరాదు కూడ.

చెట్లు ఎన్ని కావలెను?

ఇన్ని పనులు చేసినను కొంత వాయువు మిగులును. దానికి చెట్లు నాటెదమందురు. చెట్ల మేలును మేము తక్కువచేయము. 2015లో ఆరంభమైన హరితహారము నగరమున నీడ పెంచినది. బాహ్యవలయ రహదారి ఇరుప్రక్కల పచ్చదనమునకుగాను హైదరాబాదు 2022లో అంతర్జాతీయ పురస్కారము పొందినది. కాని లెక్కకు వచ్చినపుడు లెక్కయే చూడవలెను. బాగుగా ఎదిగిన చెట్టు ఏడాదికి సుమారు ఇరువది కిలోల బొగ్గుపులుసు వాయువును పీల్చుననుకొందము. రోజునకు 8 యూనిట్లు వాడు కుటుంబము ఏడాదికి దాదాపు రెండు వేల కిలోల వాయువునకు కారణమగుచున్నది. అనగా ఒక్క కుటుంబపు కరెంటునకే నూరు చెట్లు. ఇరువది వాటాల మేడకు రెండు వేలు! అమీరుపేటలో మేడకు రెండు వేల చెట్లు నాటుటకు చోటెక్కడిది? అవి మీ పోరంబోకులో, మీ గుట్టమీద నాటవలసినవే. ముందు తగ్గింపక చెట్లతోనే తటస్థతను చూపదలచిన ప్రణాళిక, తన భారమును పల్లె నెత్తిన పెట్టుచున్నదని గ్రహింపవలెను.

పల్లెలు ఈ బేరములోనికి ఇంతకుముందే దిగినవి. నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అను గిరిజన గూడెములో మహిళా సంఘములు కానుగ చెట్లు పెంచి, గింజలు పట్టించి నూనె తీయుచుండిరి. డీజెలుకు బదులు కానుగ నూనె వాడుటవలన పదేండ్లలో తగ్గు 147 టన్నుల వాయువునకుగాను, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘములకు 645 డాలర్లు చెల్లించినది. వాషింగ్టనులో జరిగిన ఒక సభకు విమానములపై వచ్చినవారు వదలిన పొగను సరిచేయుటకు ఆ సొమ్ము ఉద్దేశింపబడినది. నాటి లెక్కలో సుమారు ముప్పదివేల రూపాయలు. టన్నునకు నాలుగు డాలర్లకు కొంచెము పైన. ఆ గూడెపు స్త్రీలు చేసినది గర్వింపదగిన పని. బేరమును మాత్రము రెండువైపులనుండి చూడవలెను. పదేండ్ల శ్రమను ఒక్కమారు కొనుక్కొనిన పెద్దలకు అది అగ్గువగనే దొరకినది.

యూరపులోని కోపెన్‌హేగెను సంగతి ఇచ్చట చెప్పుట ఉచితము. ఆ నగరము 2012లో ప్రణాళిక వేసి 2025 నాటికి తటస్థమగుదునని ప్రకటించినది. గాలిమరలు, సైకిలు బాటలు, ఇండ్లను వెచ్చచేయు సామూహిక గొట్టములు మున్నగువానితో వాయువును చాలవరకు తగ్గించినది. చివరి భాగమునకు మాత్రము చెత్త కాల్చు కేంద్రపు పొగనుండి వాయువును పట్టి నిలువచేయు యంత్రముపై ఆధారపడినది. ఆ యంత్రమునకు వలసిన ధనము సమకూడలేదు. 2022లో నగరపాలకులు గడువునకు చేరజాలమని బహిరంగముగా ఒప్పుకొనిరి. ఇతరుల యడవిని కొనుక్కొని లెక్క సరిచూపుటకంటె ఈ ఒప్పుకోలు మిన్న. ఏటేట లెక్కను ప్రజలముందు పెట్టుటవలననే అది సాధ్యమైనది. మన నగర ప్రణాళికకు ప్రాతిపదిక సంవత్సరము, అయిదేండ్లకొక గడువు, ప్రతి పనికి బడ్జెటులో పద్దు, బాధ్యుడగు అధికారి పేరు, ఏటేట ప్రకటన, ఇవి ఉండవలెను. ఇవి లేనిది కోరిక మాత్రమే.

ఇక మీ సభలో ఈ విషయము వచ్చినపుడు అడుగవలసినవి. సూర్యశక్తి కొరకు భూమి కోరినచో, కౌలు ఎంతకాలము, ఏటేట ఎంత పెరుగును, అచ్చట మేపుకొనువారి సంగతి ఏమి, గడువు తీరిన పలకలను ఎవరు తీసికొనిపోవుదురు అని అడుగుడు. చెత్త కొరకు చోటు కోరినచో, వచ్చునది వేరుచేసిన చెత్తయా, కలగలుపు చెత్తయా అన్నది మొదటి ప్రశ్న. బావినీటి పరీక్ష ఎవరు, ఎన్నాళ్లకొకసారి చేయుదురన్నది రెండవది. చెట్ల ఒప్పందమైనచో మరింత జాగ్రత్త అవసరము. 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము ప్రతి గ్రామమున నర్సరీ పెంచుట, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతికించుట మీ బాధ్యతయే. ఎటులైనను మీరు పెంచవలసిన ఆ చెట్లను చూపి వేరొకరు తమ పొగను కొట్టివేసికొనుట సరికాదు. గాలిలో దానివలన ఒక్క కిలోయైనను అదనముగా తగ్గదు. ఒకే చెట్టును ఇద్దరికి అమ్ముటయు అంతే. ఒప్పందము తెలుగులో ఉండవలెను, గ్రామసభలో చదివి వినిపింపవలెను, చెట్టు కాలిపోయినను ఎండిపోయినను నష్టమెవరిదో అందు వ్రాసియుండవలెను.

మీ గ్రామపు లెక్కను మీరే వేసికొనుట కష్టము కాదు. పంచాయతీ కార్యాలయము, పాఠశాల, వీధిదీపములు, నీటి మోటారు, వీని కరెంటు బిల్లులలోని యూనిట్లను కూడి 0.7తో గుణింపుడు. ట్రాక్టరులో పోసిన డీజెలు లీటరునకు 2.7 కిలోల వంతున కలుపుడు. పల్లెకు నగరమునకు లేని సౌకర్యమొకటి కలదు: ఇంటికొక కప్పు. కుటుంబమునకు 3 కిలోవాట్లు సరిపోవును, అందుకు 300 చదరపు అడుగులు చాలును. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయలవరకు సహాయము నిర్ణయింపబడినది.

దామరచర్ల సభ్యులు ఆ సాయంకాలమే బస్సు ఎక్కిరి. పొగగొట్టమును గూర్చి చెప్పిన సభ్యురాలు తమ పాఠశాల పైకప్పు కొలతలు ఎంతయుండునో ఊరికి పోయి కొలిపించి పంపెదనని చెప్పినది. పంపినది కూడ: 2,400 చదరపు అడుగులు, నీడపడు వేపచెట్టు ఒకటి. చెట్టు కొట్టనక్కరలేదని, పలకలను తూర్పు భాగమున అమర్చిన చాలునని మేము వ్రాసితిమి. ఇట్టి కొలతలను, పథకముల వివరములను రాష్ట్ర పునరుద్ధరణీయ ఇంధన అభివృద్ధి సంస్థ వారి జిల్లా కార్యాలయములలో విచారింపవచ్చును.